దారి తప్పినా ఆచూకీ దొరికే వెలుతురు

కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు మీద అరచేయి మూసి చూడని పిల్లలుండరు. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. ఎముకల నీడ మాత్రం ఎంత చూసినా కనబడదు. వెలుతురు చేతిలోంచి వస్తూనే ఉంది, కాకపోతే లోపల వెయ్యి మలుపులు తిరిగి వస్తోంది. బతికున్న మెదడులోకి మైక్రోస్కోపుతో తొంగిచూడబోయినవాళ్లకూ ఇదే చిక్కు ఎదురైంది.

నాడీకణం కొమ్మల నిండా చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒక్కొక్కటి సుమారు ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పక్క కణాల కబుర్లు చాలావరకు చేరేది వీటికే. అర మిల్లీమీటరు లోతున ఉన్న బుడిపెను చూడటం ఎలా? అంతకుముందున్న కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో, కణంలో ముందే నింపిన మెరిసే రంగు లేజర్ వెళ్లిన దారి పొడవునా వెలుగుతుంది. అక్కర్లేని వెలుతురును ఆపడానికి సూదిబెజ్జం అడ్డం పెడతారు. లోతుకు పోయేకొద్దీ ఆ బెజ్జం, చెదిరి వచ్చిన అసలు వెలుతురును కూడా ఆపేస్తుంది.

1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ ఈ చిక్కు దాటడానికి ఒక పాత లెక్కను బయటికి తీశారు; అలా వచ్చిందే టూ-ఫోటాన్ మైక్రోస్కోపు. అణువు రెండు ఫోటాన్లను, అంటే రెండు కాంతి రేణువులను, ఒకేసారి మింగగలదని భౌతిక శాస్త్రవేత్త మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే, లేజర్లు పుట్టకముందే, కాగితం మీద తేల్చారు. ఒక నీలి ఫోటాన్ చేసే పనిని, సగం శక్తి ఉన్న పరారుణ ఫోటాన్లు రెండు కలిసి చేస్తాయన్నమాట. పరారుణ కాంతి కణజాలంలో తక్కువగా చెదురుతుంది. అదొక లాభమే కానీ, నన్నడిగితే అసలు కిటుకు అది కాదు.

రెండు ఫోటాన్లూ ఒకే అణువు దగ్గరికి ఒకే క్షణంలో రావాలి. అంత రద్దీ ఉండేది కిరణం బిగుసుకున్న ఆ ఒక్క చుక్కలోనే. కాంతి తీవ్రత రెట్టింపైతే రంగు నాలుగు రెట్లు వెలుగుతుంది కాబట్టి, చుక్కకు కాస్త పైనా కిందా దాదాపు చీకటే. ఇక అక్కడ పుట్టిన వెలుతురు ఎన్ని మలుపులు తిరిగి బయటపడితే ఏం? పుట్టిన ఊరు తెలుసు. సూదిబెజ్జం తీసి పక్కన పడేసి, దొరికిందంతా ఏరుకోవచ్చు.

అంత రద్దీ అంటే మెదడు మాడిపోదా? ఇప్పుడు ఎక్కువగా వాడే టైటానియం-సఫైర్ లేజర్ సుమారు 100 ఫెమ్టోసెకన్ల మెరుపులుగా, సెకనుకు దాదాపు 8 కోట్ల సార్లు మెరుస్తుంది (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు, ఫెమ్టోసెకను అందులో మళ్లీ వంద కోట్లో వంతు). లెక్కేసి చూడండి: సెకను మొత్తంలో అది వెలిగి ఉండేది 8 మైక్రోసెకన్లే. మెరిసిన క్షణంలో బలం సగటుకు లక్ష రెట్లు దాటుతుంది, సగటు మాత్రం కణజాలం తట్టుకునేంతే.

1995లో రఫాయెల్ యూస్టె, డెంక్ ఈ పద్ధతితోనే, మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం నుంచి తీసిన ముక్కలోని నాడీకణంలో కాల్షియం తగిలితే వెలిగే రంగు నింపి చూశారు. కబురు అందిన ఒక్క బుడిపె మిణుక్కుమంది. దాన్ని మోస్తున్న కొమ్మ ఉలకలేదు.