బ్రేకు వేశాక మిగిలే వేగం

“పల్లె రోడ్డు ఖాళీగానే ఉంది కదా, ఇంకో ఇరవై పెంచితే ఏమవుతుంది?” అన్న మాట తరచుగా వినిపిస్తుంది. గతిజశక్తి, అంటే కదిలే వస్తువుకుండే శక్తి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని బడిలో అందరం వల్లె వేసినదే. కానీ ఆ సూత్రంలో దాగి ఉన్న అతి విచిత్రమైన ఫలితాన్ని మాత్రం ఏ తరగతిలోనూ చెప్పినట్టు కనబడదు.

ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతోనూ, మరొకటి 80తోనూ వెళ్తున్నాయనుకుందాం. పొలంలోంచి ఒక ట్రాక్టరు హఠాత్తుగా రోడ్డెక్కింది. ఇద్దరు డ్రైవర్లూ దాన్ని ఒకే చోట నుంచి చూశారు, చూసిన ఒకటిన్నర సెకన్లకు బ్రేకు తొక్కారు. పొడి తారురోడ్డు మీద మంచి బ్రేకులు ప్రతి సెకనులోనూ వేగాన్ని సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిస్తాయని తీసుకుంటే, మొదటి కారు బ్రేకు పడేలోపు 25 మీటర్లు, పడ్డాక మరో 20 మీటర్లు నడిచి, మొత్తం 45 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండో కారుకు బ్రేకు పడేసరికే 33 మీటర్లు గడిచిపోతాయి. మొదటి కారు నిశ్చలంగా నిలిచిన ఆ 45వ మీటరు దగ్గర దాని వేగం ఇంకా 65 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. తేడా ఇరవై అనుకున్నాం, మిగిలింది అరవై అయిదు! అదే 100తో వచ్చే కారయితే అక్కడికి 97తో చేరుతుంది, అంటే బ్రేకు వేసినా వేయనట్టే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, బ్రేకులు ప్రతి మీటరుకూ సమానంగా హరించేది శక్తిని, వేగాన్ని కాదు. 80తో వస్తున్న కారు బ్రేకు పడిన మొదటి పది మీటర్లలో కోల్పోయేది కేవలం 12 కిలోమీటర్ల వేగం. ఆగబోయే ముందరి చివరి పది మీటర్లలో దాదాపు 43 కిలోమీటర్ల వేగం ఒక్కసారిగా ఖర్చవుతుంది. ప్రాణం కాపాడేవి ఆ చివరి మీటర్లే, అతివేగం ముందుగా మింగేసేదీ వాటినే. మిగిలిన ఆ 65 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం అయిదంతస్తుల మేడ మీద నుంచి పడడంతో సమానం. అయితే కారులో ఉన్నవాడికి సీటుబెల్టూ ఎయిర్‌బ్యాగూ ఉంటాయి, రోడ్డు పక్కన నడిచేవాడికి ఏమీ ఉండవు.

పల్లె దారుల్లో ఈ లెక్క ఇంకా కఠినమవుతుంది. ఏపుగా పెరిగిన పైరు మలుపు అవతలి దారిని కప్పేస్తుంది. వదులు కంకర మీద టైరు పట్టు సగానికి పడిపోతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపవుతుంది. రాత్రిపూట డిప్ చేసిన హెడ్‌లైట్లు స్పష్టంగా చూపేది యాభై మీటర్లేననుకుంటే, 60తో వెళ్లేవాడు ఆ వెలుగులోపల ఆగగలడు, 69 మీటర్లు కావలసిన 80వాడు చీకట్లోకి వెళ్తున్నట్టే. ఎదుటివాడు హైబీమ్ తగ్గించకపోతే ఆ యాభై కూడా దక్కదు. ఇక ముందు బండికి పది మీటర్ల దూరంలో అంటిపెట్టుకుని 80తో తరిమేవాడికి ఉన్న వ్యవధి అర సెకను కూడా లేదు. అది ధైర్యం కాదు, ఎదుటివాడి ప్రాణంతో ఆడే జూదం.

ఒకే మలుపులో పదే పదే ప్రమాదాలు జరిగితే అక్కడేదో దుష్టశక్తి ఉందని చెప్పుకుంటారు. ఉన్న శక్తి వేగం వర్గానిదే: 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న సమతల మలుపును 80తో తిరగాలంటే ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టును చెప్పే అంకె) 1 కావాలి, పొడి తారు సాధారణంగా ఇచ్చేది 0.7 లేదా 0.8.

సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు 4 శాతం పెరుగుతాయని స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ నమూనా చెబుతుంది. ప్రతిఫలంగా దక్కేది మాత్రం వేగం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది: పది కిలోమీటర్ల దారిలో 60 నుంచి 80కి పెంచితే రెండున్నర నిమిషాలు కలిసివస్తాయి, 80 నుంచి 100కి పెంచితే ఒకటిన్నర నిమిషమే.