నరాన్ని గడ్డకట్టించే చికిత్స: అపోహలు, వాస్తవాలు

ఛాతీ ఆపరేషన్ అయి నెలలు గడిచినా, చొక్కా గుడ్డ తగిలితే చాలు పక్కటెముకల వెంట నిప్పు రాసుకున్నట్లు మండుతోందని చెప్పేవారిని, మోకాళ్లు అరిగి రాత్రిళ్లు నిద్రలేనివారిని నొప్పి వైద్యుడిగా తరచూ చూస్తుంటాను. నొప్పిని మోసే నాడిని చలితో గడ్డకట్టించే క్రయోన్యూరోలిసిస్ అనే చికిత్స గురించి చెప్పగానే వారు అడిగే ప్రశ్నల వెనుక ఉన్న అపోహలివి.

అపోహ: నరాన్ని గడ్డకట్టిస్తే రక్తం ఆగిపోయి కాలు పడిపోతుంది.

వాస్తవం: ఈ భయానికి మూలం మన మాటలోనే ఉంది. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకడం లేదు’ అంటాం. అది నిజానికి రక్తనాళం. మేము గడ్డకట్టించేది నొప్పి కబురును మెదడుకు మోసే నాడిని. మోకాలికైతే చర్మం కిందుగా సాగే స్పర్శనాడి కొమ్మలనే ఎంచుకుంటాం. కండరాలను కదిలించే నాడి గడ్డకడితే కొంతకాలం బలహీనత వచ్చే మాట నిజమే కాబట్టి, దాన్ని తప్పించడానికి ఎంతో జాగ్రత్త పడతాం.

అపోహ: నాడి శాశ్వతంగా చచ్చిపోతుంది.

వాస్తవం: సూదిలాంటి ప్రోబ్‌లోకి అధిక పీడనంతో వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కొన దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి, దాన్ని సుమారు మైనస్ 70 డిగ్రీలకు చల్లబరుస్తుంది, వాయువు ఒంట్లోకి పోకుండా ప్రోబ్‌లోంచే వెనక్కి వెళ్లిపోతుంది. అల్ట్రాసౌండ్ తెర మీద, అంచు మెరుస్తూ లోపల నల్లగా ఉన్న మంచు గోళీ మెల్లగా పెరిగి నాడిని కమ్ముకోవడం కనిపిస్తుంది. ఆ చలికి నాడి లోపలి తంతువులు తెగి క్షీణిస్తాయి గానీ, వాటి తొడుగులు నిలిచే ఉంటాయి. ఆ తొడుగులే దారిగా తంతువులు రోజుకు 1 నుంచి 2 మిల్లీమీటర్ల చొప్పున మళ్లీ పెరుగుతాయి.

అపోహ: నొప్పి తిరిగి వచ్చిందంటే చికిత్స విఫలమైనట్లే.

వాస్తవం: నాడి తిరిగి పెరుగుతుంది కనుకనే నొప్పి కూడా తిరిగి రావచ్చు. ఉపశమనం కొందరికి వారాలు, కొందరికి నెలలు ఉంటుంది. అవసరమైతే చికిత్సను మళ్లీ చేయవచ్చు. అరిగిన కీలును ఇది బాగుచేయదు. అందుకే నొప్పి తగ్గిన ఆ రోజుల్లోనే తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మొదలుపెట్టమని నేను ప్రతి ఒక్కరినీ బతిమాలుతాను.

అపోహ: ఇది నిన్నమొన్నటి ప్రయోగం.

వాస్తవం: లాయిడ్, బర్నార్డ్, గ్లిన్ అనే వైద్యులు 1976లోనే దీన్ని క్రయోఅనాల్జీసియా (చలితో నొప్పిని తగ్గించడం) పేరుతో వివరించారు.

అపోహ: నొప్పి ఉన్న ఎవరికైనా చేయవచ్చు.

వాస్తవం: ముందుగా ఆ నాడి దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తాం. దానితో నొప్పి తగ్గకపోతే, ఆ నొప్పికి కారణం ఆ నాడి కాకపోవచ్చు. అలాంటప్పుడు నేను గడ్డకట్టించను. చల్లనీళ్లు తగిలితే దద్దుర్లు లేచేవారు, చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారేవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి మొదటి సంప్రదింపులోనే వైద్యుడికి చెప్పాలి.