బందరు సమాధుల్లో ఉన్నది ఉప్పెన మృతులేనా?

బెజవాడ నుంచి బందరుకు 70 కిలోమీటర్లు. ‘అక్కడ సమాధుల దగ్గర ఉప్పెనలో పోయినవాళ్లు రాత్రిళ్లు తిరుగుతారట’ అని విని బండి తీసేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ సమాధుల్లో ఉన్నది ఉప్పెన మృతులు కారు.

వలందులు, అంటే డచ్చివాళ్లు, 17వ శతాబ్దం మొదట్లో బందరులో వర్తకం మొదలుపెట్టారు. వలందపాలెం అన్న పేరు వాళ్లదే. వాళ్ల సమాధులు 17, 18 శతాబ్దాలవి. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి. బందరును ముంచిన పెద్ద ఉప్పెన వచ్చింది 1864 నవంబరు 1 రాత్రి. అమావాస్య వెళ్లి రెండు రోజులే కావడంతో సముద్రం అసలే పోటు మీద ఉంది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. అంతమందికి విడివిడిగా గోరీలు కట్టేదెవరు?

ఊళ్లో ప్రచారంలో ఉన్న దెయ్యం కథ ఈ రెండింటికీ చెందదు. అది 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అనే తెల్లదొరసాని కథ. ఆమెను ప్రేమించిన మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆమె జ్ఞాపకంగా కట్టించినదే బందరు సెయింట్ మేరీస్ చర్చి. ఆమె దేహాన్ని గాజుపెట్టెలో చాలాకాలం భద్రపరిచారని చెప్పుకుంటారు. ఒక్క తెల్లదొరసానికి రెండు వందల ఏళ్లుగా కథ నిలిచింది. 30,000 మందిలో ఒక్కరి పేరైనా జనం నోట మిగల్లేదు. మాకు బాధ కలిగించేది అదే.

దివిసీమ సంగతి వేరు. అక్కడి భయం నిజంగా ఉప్పెనలోంచే పుట్టింది.

1977 నవంబరు 19, శనివారం. తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకని కేంద్రం ఉత్తరంగా కదిలి ఒడ్డెక్కితే, దానికి ఎడమవైపు గాలి నీటిని సముద్రంలోకి నెడుతుంది, కుడివైపు గాలి నేల మీదికి తోస్తుంది. దివిసీమ కుడివైపు పడింది. పైగా తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న నేల బల్లపరుపు, అడ్డుకునే మిట్ట లేదు. అమావాస్య వల్లే అంత నీరు వచ్చిందంటే నమ్మవద్దు. దీపావళి అమావాస్య వెళ్లి అప్పటికి ఎనిమిది రోజులు. పోటు తక్కువగా ఉండే రోజుల్లోనే 5, 6 మీటర్ల కెరటం వచ్చింది. అదే పున్నమికో అమావాస్యకో వచ్చి ఉంటే ఇంకెంత లేచేదో.

మొత్తం మీద పోయినవాళ్లు పదివేల పైమాటే. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి తీరపు ఊళ్ల మీద దెబ్బ ఘోరంగా పడింది. శవాలు కొట్టుకుపోయి ఎక్కడెక్కడో తేలాయి. గుర్తుపట్టాల్సిన బంధువులే చాలాచోట్ల మిగల్లేదు. రోగాలు ప్రబలుతాయన్న భయంతో దొరికినవాటిని దొరికినచోటే సామూహికంగా దహనం చేశారు. పేరు పెట్టి ఏడ్చింది లేదు, పదో రోజు పిండం పెట్టింది లేదు. కర్మ జరగనివాళ్లు తిరుగుతారని నమ్మే నేల మీద ఆ చోట్ల గురించి దెయ్యం మాట పుట్టకుండా ఎలా ఉంటుంది? అది వేడుక కోసం అల్లిన కథ కాదు, తీరని అప్పులా మిగిలిన దుఃఖం.

చీకట్లో వినిపించేవాటికీ కనిపించేవాటికీ కారణాలున్నాయి. ఎండు తాటిమట్టలు గాలికి మానుకు కొట్టుకుంటే ఎవరో నడిచొస్తున్నట్టే ఉంటుంది. మడ అడవుల్లో నక్కలున్నాయి. చదును నేల కాబట్టి ఎక్కడో పాయలో వేటకు పోయే పడవ దీపం కూడా దగ్గరగా కనిపించి కొరివి దెయ్యం అనిపిస్తుంది.

వెళ్లేవాళ్లు పగలే వెళ్లండి. బందరు డచ్చి సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గీసినా పగలగొట్టినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అక్షరాలు కనబడలేదని సుద్ద రుద్దడం, నూనె పూయడం చేస్తే రాయి పాడవుతుంది. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ ఏటవాలు ఎండ పడేటప్పుడు ఒక పక్కనుంచి ఫొటో తీస్తే, నడినెత్తిన ఎండలో కనిపించని గీత కూడా నీడతో తేలుతుంది.

అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోని అవనిగడ్డ. నేరుగా పోవాలంటే బెజవాడ నెహ్రూ బస్టాండు నుంచి బస్సులున్నాయి. గుంటూరు వైపు నుంచి అయితే తెనాలి, రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కాలి. పాలకాయతిప్పకు కోడూరు మీదుగా దారి. దివిసీమలో పాముకాట్లు ఎక్కువ. పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి, గడ్డిలోకి దిగకండి. కాటు పడితే కట్టు బిగించకండి, గాటు పెట్టకండి. కాలు కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నవంబరులో వెళ్తుంటే ముందు రోజు వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూసుకోండి, అది తుపాన్ల నెల.

ఊళ్లో పెద్దవాళ్లు కనబడితే ‘మీ ఇంట్లో ఎంతమంది పోయారు’ అని మొదలుపెట్టకండి. ‘మామ్మగారూ, అప్పుడు మీరు ఏ ఊళ్లో ఉన్నారు?’ అని అడిగి ఊరుకోండి. చెప్పదలచుకుంటే వాళ్లే చెబుతారు. నవంబరు 19న కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ఆ రోజు అక్కడ నివాళి జరుగుతుంది.

అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారక స్తూపం ఉంది. నీళ్లు ఎంతదాకా వచ్చి ఆగాయో చెప్పడానికి కట్టిన గుర్తు అది. దాని దగ్గర నిలబడి దక్షిణం వైపు చూడండి. వరిచేలు, తాటిచెట్లు, వాటి వెనక మళ్లీ చేలు. సముద్రం కనిపించదు.