ఆకుపచ్చ కన్ను పెట్టె గురించి మీరడిగినవి

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మొన్న గ్రంథాలయం వసారాలోకి మా పాత రేడియో మోసుకొచ్చి చూపించినప్పుడు, అడగదలచుకున్నది చీటీ మీద రాసి అట్టపెట్టెలో వెయ్యమన్నాను కదా. ఇంటికొచ్చి బోర్లిస్తే నలభై ఒక్క చీటీలు తేలాయి. వాటిలో ఆరింట్లో ఒకటే ప్రశ్న: "తాతయ్యా, ఇందులో బ్లూటూత్ ఉందా?" లేదు నాయనా. ఆరు చీటీలు అయిపోయాయి.

ఆ ఆకుపచ్చ కన్ను మీ అందరికీ నచ్చినట్టుంది. దాని పేరే మేజిక్ ఐ. స్టేషను సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడం దాని పని. ముల్లు తిప్పుతుంటే అందులో నల్లని నీడ వెడల్పవుతూ సన్నబడుతూ ఉంటుంది. స్టేషను గట్టిగా అందినచోట నీడ మూసుకుపోయి కన్నంతా పచ్చగా వెలుగుతుంది. ఇక స్విచ్చి వేసిన వెంటనే పలకలేదని ఒకమ్మాయి "పాడైపోయిందేమో" అని రాసింది. పాడవలేదు తల్లీ. లోపలున్నవి వాల్వులనే గాజు గొట్టాలు, అవి వేడెక్కాలి. మా నాన్నగారు వార్తల వేళకు కాస్త ముందే స్విచ్చి వేసి, కండువా దులుపుకుని, పడక్కుర్చీలో సర్దుకునేసరికి గొంతు వచ్చేది.

"గాజు మీద మీటర్లు అని ఎందుకు రాసుంది, రేడియోని కొలుస్తారా?" అని ఇంకో చీటీ. పెట్టెను కాదు, అలను కొలుస్తారు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 8 లక్షల 37 వేల అలలు బయల్దేరతాయి. అల ఏమో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. 3 లక్షలను 837తో భాగించి చూడండి, 358.4 వస్తుంది. ఒక్కో అల పొడుగు అన్ని మీటర్లన్నమాట, మన బడి ఆటస్థలం రెండు చివరలూ దాటిపోయేంత. హైదరాబాదుది 738 కిలోహెర్ట్జ్. విజయవాడ అంకెలు తిరగేస్తే హైదరాబాదు! చిన్నప్పుడు ఇది కనిపెట్టినప్పుడు ఊళ్లో నాకంటే గొప్పవాడు లేడనుకున్నాను. దాని అల పొడుగెంతో మీరే లెక్క తీయండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చీటీ. ఏడో తరగతి చేతిరాత: "మీరు రాత్రిపూట దూరం ఊళ్లు వినపడేవి అన్నారు. పగలు ఎందుకు వినపడవు? రాత్రి వాళ్లు గట్టిగా మాట్లాడతారా?"

వాళ్ల గొంతులో తేడా ఏమీ ఉండదు. ఆకాశమే మారుతుంది. మనకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, ఎండ తగిలినంతసేపూ ఒక పొర ఉంటుంది. సూర్యకిరణాలు అక్కడి గాలిని చిదిమి విద్యుత్తు పట్టిస్తాయి. విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు వాడే ఇలాంటి పొడుగు అలలను మీడియం వేవ్ అంటారు. ఈ పొర వాటిని ఇసుక నీళ్లను పీల్చుకున్నట్టు పీల్చేస్తుంది. అందుకని పగలు నేల మీద పాకుతూ వచ్చే అలే మనకు దిక్కు, దగ్గర స్టేషను తప్ప ఏదీ అందదు. పొద్దు గుంకగానే ఆ పొర కరిగిపోతుంది. ఇంకా పైన, 100 కిలోమీటర్లు దాటాక, వేరే పొరలున్నాయి. అవి రాత్రంతా నిలిచే ఉంటాయి, అలలను పీల్చకుండా కిందికి తిప్పికొడతాయి. గచ్చు మీద బంతి కొడితే గెంతుకుంటూ అవతలి గోడ దాకా పోయినట్టు, అల కూడా ఆకాశానికీ నేలకూ మధ్య గెంతుకుంటూ వందల మైళ్లు పోతుంది. పై పొర గాలికి ఊగే పందిరిలాంటిది, కుదురుగా ఉండదు. అందుకే పాట నడుమ గొంతు నూతిలోకి దిగిపోయి మళ్లీ పైకి తేలేది. మా మేనత్త దాన్ని "సముద్రం పొంగు" అనేది. సైన్సు తెలియని మనిషే గానీ ఆ మాట తప్పు కాదు.

"రేడియో ఎవరు కనిపెట్టారు?" అన్న చీటీలు చాలానే ఉన్నాయి. పరీక్షలో మార్కోనీ అని రాయండి, మార్కులు పడతాయి. 1901లో అట్లాంటిక్ సముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సంకేతం పంపిన మాట నిజమే. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1895లో, కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు తీగ లేకుండా దూరంగా ఉన్న గంట మోగించారు, మందుగుండు అంటించారు. ఆ సంగతి కూడా రాసి, ఇంకో కాగితం అడగండి.

మన వైపు చరిత్ర మద్రాసులో మొదలవుతుంది. 1924లో అక్కడ కొందరు ఉత్సాహవంతులు ఒక రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక మూడేళ్లకే మూసేసి, యంత్రాన్ని నగర కార్పొరేషనుకు ఇచ్చేశారు. తరవాత 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. తెలుగువాళ్లలో చాలామంది మొదట విన్నది ఆ గొంతే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం వారి దక్కన్ రేడియో ఉండేది, అది 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసింది. "ఆకాశవాణి" అన్న పేరు ఢిల్లీలో పుట్టలేదర్రా, మైసూరులో పుట్టింది. 1935లో గోపాలస్వామి అనే ప్రొఫెసరు తన ఇంట్లోనే చిన్న స్టేషను పెట్టి ఆ పేరుతో నడిపారు.

పొద్దున్నే స్టేషను తెరిచేముందు వచ్చే ఆ వయొలిన్ బాణీ ఎవరిదని అడిగినవాడి చెవిని మెచ్చుకోవాలి. వాల్టర్ కౌఫ్‌మన్ అని, చెక్ దేశం నుంచి హిట్లరు కాలంలో తప్పించుకుని బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసేవారు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడు చేసిన బాణీతో మన దేశంలో కోట్ల ఇళ్లు నిద్ర లేచాయి. శివరంజని ఛాయ ఉంటుంది అందులో. మరోసారి వింటే పోల్చుకుంటారు.

ఇక పాటలు. మీరు నమ్మరు గానీ, 1952లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ గారు సినిమా పాటలు చౌకబారువని, ఆకాశవాణిలో వాటిని దాదాపు ఆపేశారు. పాటను ఆపితే జనం ఆగుతారా? అందరూ ముల్లు సిలోను వైపు, అంటే ఇప్పటి శ్రీలంక వైపు, తిప్పారు. రేడియో సిలోన్ షార్ట్‌వేవ్ అనే పొట్టి అలల మీద వచ్చేది, ఆ అలలు పగలైనా పై పొర మీద గెంతి రాగలవు. బుధవారం రాత్రి అక్కడ హిందీ సినిమా పాటల కార్యక్రమం నడిపే అమీన్ సయానీ గొంతు కోసం హిందీ ముక్క రానివాళ్లు కూడా వీధి అరుగుల మీద చేరేవారు. అయిదేళ్లు చూసి 1957 అక్టోబరులో ఆకాశవాణిలోనే పాటల కోసం వివిధభారతి పెట్టారు, పాటలు ఇంటికి తిరిగొచ్చాయి. ఆ మంత్రిగారి మీద నాకిప్పటికీ కొంచెం కోపమే. అయితే శాస్త్రీయ సంగీతం పల్లెటూరి చెవిలో కూడా పడిందంటే అందులో ఆయన పట్టుదల కొంత ఉంది, అదీ ఒప్పుకోవాలి.

కోరిన పాటలకు కార్డులు రాసేవాళ్లలో జుమ్రీ తలైయా అనే ఊరిది దేశంలో పెద్ద పేరు. ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది. అసలు ఉందా, కట్టుకథా అనుకునేవాళ్లం. ఉంది, మన నెల్లూరు వైపు గూడూరులాగే అభ్రకం గనుల ఊరు.

మీ చీటీలు చూస్తుంటే ఆ కార్డులే గుర్తొచ్చాయి. రేడియో ఊరికే చెప్పి పోయేది కాదు, అడిగించుకునేది కూడా. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమం బాలానందంలో పిల్లలచేతే పాడించి, ఆడించి, మాట్లాడించారు. విజయవాడలో ఉషశ్రీ గారు ధర్మసందేహాలకు జవాబు చెబుతుంటే మా వీధిలో రోలు చప్పుడు కూడా ఆగేది. 1956లో పూనా చుట్టుపక్కల 150 పల్లెల్లో రైతులు ఒకచోట కూర్చుని రేడియో విని, చర్చించుకుని, సందేహాలు రాసి పంపేవారు. తరవాతి ప్రసారాల్లో జవాబులు వచ్చేవి. తంజావూరు వైపు రేడియోలో విని వేసిన కొత్త వరి రకానికి రైతులు "రేడియో వరి" అనే పేరు పెట్టేశారు. విత్తనానికి పెట్టె పేరు రావడం ఇంకెక్కడైనా విన్నారా?

నేనూ ఒక కార్డు రాశాను. అప్పుడు నాకు పదేళ్లు. "నదులన్నీ తియ్యటి నీళ్లే మోసుకెళ్తాయి కదా, సముద్రం ఎందుకు ఉప్పన?" అని. మా ఇంట్లో రేడియో లేదప్పుడు. పంచాయతీ ఆఫీసు రేడియో కింద వారం వారం నిలబడ్డాను. ఆరో వారం మా ఊరి పేరు చదివారు. గుండె ఆగినంత పనైంది. "ఈ అబ్బాయి అడిగిన ప్రశ్న..." అన్నారు. కరెంటు పోయింది.

మర్నాడు సంతలో బట్టలు కుట్టే మేస్త్రీ దగ్గర బ్యాటరీ ట్రాన్సిస్టరు ఉందని తెలిసి పరుగెత్తాను. విన్నాడు గానీ సగమే విన్నాడు. "రాళ్లల్లో ఉన్న ఉప్పు నదులు కొంచెం కొంచెంగా కరిగించి తెస్తాయంట బాబూ. ఆ తరవాత బేరం వచ్చింది." మిగతా సగం కోసం మూడు మైళ్లు నడిచి ఈ గ్రంథాలయానికే వచ్చాను. మొదటిసారి రావడం అదే. ఎండకు నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది, కోట్ల ఏళ్లుగా అలా పోగుపడింది అని ఒక పుస్తకంలో దొరికింది. కిటికీ పక్కన, ఇప్పుడు మీరు చెప్పులు విడిచే చోట కూర్చుని చదివాను.

"రేడియోకి లైసెన్సు ఉండేదట, నిజమేనా?" నిజమే. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో బిళ్ల అంటించుకోవాల్సి వచ్చేది. తనిఖీకి వస్తున్నారంటే పక్కింటి మామయ్య రేడియోని ధాన్యం గాదెలో దాచేవాడు. ఒకసారి ఆపడం మరిచి దాచాడు, గాదె భక్తిరంజని పాడింది.

మిగిలిన చీటీలు ఈ ఆదివారం చూద్దాం. రాత్రి ఎనిమిదికి మా డాబా మీదికి రండి, దూరం స్టేషన్లు వెతుకుదాం. చుట్టుపక్కల ఇళ్లలో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఓ గంట ఆపమని మీరే అడగాలి. నేనడిగితే నవ్వుతారు. అవి వెలుగుతుంటే గరగర తప్ప ఏమీ వినపడదు. పెట్టె నేను ముందే వేసి ఉంచుతాను.

మీ తాతయ్య