బోర్డు మీది శాకాహారం, పళ్ళెంలోని శాకాహారం: యాత్రికుల అపోహలు – వాస్తవాలు

కావలి కేంద్రంగా యాత్రా బృందాలకు వంట చేయించే పనిలో నేను ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి కాశీకీ, పూరీకీ, బదరీకీ మాతో వచ్చేవారిలో ఎక్కువమంది ఇంటి దగ్గర చేపల పులుసు లేనిదే ఆదివారం గడవనివారే. అయినా బయలుదేరిన రోజు నుంచి తిరిగి వచ్చి కాశీ సమారాధన చేసుకునేదాకా ముక్క ముట్టరు. పుట్టు శాకాహారులకు అలవాటుగా అబ్బిన జాగ్రత్తలు వీరికి తెలియవు. పుట్టు శాకాహారులకేమో తమ ఇంటి పద్ధతే దేశమంతటి పద్ధతి అన్న నమ్మకం బలంగా ఉంటుంది. ఈ రెండు వర్గాలవారూ దారిలో నాతో పదేపదే అనే మాటలను, వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మన దేశంలో శాకాహారులే ఎక్కువ, కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ఇబ్బంది ఉండదు.

జనాభా లెక్కల శాఖ 2014లో జరిపిన నమూనా సర్వే ప్రకారం, పదిహేనేళ్ళు దాటినవారిలో సుమారు 71 శాతం మంది మాంసాహారులే. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ, పశ్చిమ బెంగాల్‌లోనూ అది 98 శాతం దాటింది. రాజస్థాన్‌లో మాత్రం లెక్క తిరగబడి, దాదాపు 75 శాతం మంది శాకాహారులని తేలింది. హర్యానా, పంజాబ్, గుజరాత్‌లలో కూడా శాకాహారులదే పైచేయి. పంజాబ్ పేరు వినగానే కోడికూర గుర్తుకు వచ్చేవారికి ఈ సంగతి వింతగా తోస్తుంది.

దీని నుంచి యాత్రికుడు గ్రహించవలసినది ఏమిటంటే, శాకాహారం దొరకడం కష్టమయ్యేది మనం పరాయివిగా భావించే పడమటి, ఉత్తర రాష్ట్రాలలో కాదు. మన అన్నమే తినే తూర్పు తీరం వెంబడి వెళ్ళినప్పుడే ఎక్కువ అప్రమత్తంగా ఉండాలి. అన్నం, పప్పు కనిపించగానే మన మనసు కుదుటపడుతుంది, ప్రశ్నలు అడగడం మానేస్తాం. ఒకసారి కోల్‌కతాలో మా బృందంలోని ఒక పెద్దావిడ, మా వంట ఇంకా కాలేదని, వీధి చివరి హోటలులో పప్పన్నం చెప్పించుకున్నారు. రెండు ముద్దలు తిన్నాక నన్ను పిలిపించి, "ఏంది నాయనా, ఈ పప్పులో ముళ్ళుండాయే?" అని అడిగారు. చేప తలకాయ వేసి వండే పప్పు అక్కడి ఇళ్ళలో ఎంతో ఇష్టంగా చేసుకునే వంటకం. హోటలువాడు మోసం చేయలేదు. ఆమె "దాల్" అని అడిగారు, అతడు తన దగ్గరున్న మంచి దాల్ పెట్టాడు.

అపోహ: "వెజ్" అన్న ఒక్క మాట దేశమంతటా సరిపోతుంది.

సరిపోదు. ఆ మాటకు అర్థం ప్రాంతాన్నిబట్టి మారుతుంది. బెంగాల్‌లో అడగవలసిన మాట "నిరామిష్". సంప్రదాయపు నిరామిష్ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మసూరు పప్పును సైతం నిష్ఠగల ఇళ్ళలో పక్కన పెడతారు. మనవాళ్ళకు బాగా తెలిసిన చెన్నైలో బోర్డు మీద "సైవం" అని ఉంటుంది, కన్నడ దేశంలో "సస్యాహారి" అని ఉంటుంది. పంజాబ్ నుంచి జమ్మూ వైపు రహదారి మీద "వైష్ణో ఢాబా" అని కనిపిస్తే అది శాకాహారపు ఢాబా అని అర్థం. వైష్ణోదేవి పేరు పెట్టుకున్నారులే అనుకుని దాటిపోయి, తరువాతి ఊరిదాకా ఆకలితో కూర్చున్న డ్రైవరు మా దగ్గర ఒకడుండేవాడు.

అన్నింటికంటే చిక్కు గుడ్డుతోనే వస్తుంది. మనం గుడ్డును మాంసాహారంలోనే లెక్కిస్తాం, ఆహార భద్రతా చట్టం కూడా అలాగే లెక్కిస్తుంది. కానీ బేకరీ కేకు విషయంలో ఆ ఆలోచన చాలామందికి రాదు. కాబట్టి "వెజ్ ఉందా?" అని అడగవద్దనీ, "ఇందులో గుడ్డు, చేప, మాంసం రసం ఏదైనా పడిందా?" అని విడివిడిగా అడగమనీ నేను మా యాత్రికులకు చెబుతాను. మొదటి ప్రశ్నకు "ఉంది" అని తల ఊపడం సులువు, రెండవ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వడ్డించేవాడు వంటగదిలోకి వెళ్ళి కనుక్కోవలసి వస్తుంది.

విమానంలో పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు కూడా ఈ మధ్య సలహా అడుగుతున్నారు. అంతర్జాతీయ విమానాలలో "హిందూ మీల్" అన్నది శాకాహారం కాదు. అందులో గొడ్డుమాంసం ఉండదు గానీ కోడి, మేక మాంసం ఉండవచ్చు. టికెట్టు తీసుకునేటప్పుడే "ఏషియన్ వెజిటేరియన్ మీల్" అని ఎంచుకోవాలి.

అపోహ: ఆకుపచ్చ చుక్క ఉంటే ఏ జంతువుతోనూ సంబంధం లేనట్టే.

ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మాంసాహారానికి మునుపు గోధుమరంగు చుక్కే ఉండేది. రంగులు పోల్చుకోలేనివారికి రెండు చుక్కలూ ఒకటిగానే కనిపిస్తాయి కాబట్టి, 2020 నాటి లేబుల్ నిబంధనలలో దానిని గోధుమరంగు త్రిభుజంగా మార్చారు. చత్వారం వచ్చిన మా పెద్దలకు కూడా ఈ మార్పు ఎంతో ఉపకరించింది. అయితే అవే నిబంధనలు పాలను, పాల పదార్థాలను, తేనెను, తేనెమైనాన్ని, పురుగు నుంచి వచ్చే లక్కను మాంసాహారపు నిర్వచనం నుంచి మినహాయించాయి. మెరుపు కోసం లక్క పూసిన మిఠాయి మీద ఆకుపచ్చ చుక్క ఉండడం చట్టప్రకారం సరైనదే. అది తమ నియమానికి సరిపడుతుందా లేదా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం.

అపోహ: ఇంటి శాకాహారం పాడవదు, పాడయ్యేది మాంసమే. వేడివేడిగా మూత పెట్టి తీసుకువెళితే చాలు.

నా అనుభవంలో అత్యంత ప్రమాదకరమైన అపోహ ఇదే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ దీనిని నమ్మాను. మే నెలలో నలభై మందితో రైలెక్కుతూ, తెల్లవారుజామున నాలుగు గంటలకు వండిన టమాటా పప్పును పొగలు కక్కుతుండగానే స్టీలు క్యానులో పోసి, మూత గట్టిగా బిగించాను. మధ్యాహ్నం వరంగల్ దాటాక మూత తీస్తే పైన సన్నని నురగ, అడుగు నుంచి పైకి వస్తున్న బుడగలు, పులిసిన వాసన కనిపించాయి. క్యానెడు పప్పునూ పారబోసి, ఆ పూట అందరికీ అరటిపండ్లు, బన్నులు కొని పెట్టాను. తప్పు పూర్తిగా నాదే.

వండిన పదార్థం సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన గానీ, 5 డిగ్రీలకు కింద గానీ ఉన్నంతసేపే సూక్ష్మజీవులు అదుపులో ఉంటాయి. వేడిగా మూత పెట్టిన క్యానులో ఆవిరి నీరై పడుతుంది, నడిభాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. సూక్ష్మజీవులకు అంతకంటే అనువైన చోటు లేదు. అన్నం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలవ ఉన్నప్పుడు అవి పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి "రాత్రి అన్నాన్ని పొద్దున తిరగమోత పెడితే దోషం పోతుంది" అన్న మాట ప్రయాణంలో పనికిరాదు.

మన పెద్దలు దూరప్రయాణానికి పులిహోరనే ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది. మేము చేసే పద్ధతి ఇది. అన్నం పొడిపొడిగా వార్చి పెద్ద తాంబాళంలో పరుస్తాం. వేడి మీదనే పసుపు, పచ్చి కరివేపాకు, నూనె కలిపి, చేత్తో తాకితే వేడి తెలియనంతవరకు ఆరబెడతాం. చింతపండు పులుసును నీరంతా ఇగిరి, నూనె పైకి తేలి, గరిటెకు అంటుకునేంత చిక్కబడేదాకా ఉడికించి, అది కూడా చల్లారిన తరువాతే అన్నానికి పట్టిస్తాం. పులుపు, ఉప్పు, నూనె, తక్కువ తడి కలిసి పనిచేస్తాయి. పులుసు పలచగా ఉంటే మాత్రం ఆ రక్షణ సగం పోయినట్టే. ఇంత చేసినా, తెల్లవారుజామున కలిపిన పులిహోరను ఆ రాత్రి దాటి నేను ఎవరికీ పెట్టను. పెరుగన్నమైతే మెత్తని అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగుతో తోడు వేస్తే, మధ్యాహ్నానికి అదే తోడుకుని పులవకుండా ఉంటుంది. ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర, పన్నీరు, కొబ్బరి పచ్చడి మొదటి పూటకే పరిమితం. రెండవ రోజు నుంచి ఆదుకునేవి పొడులు: కందిపొడి, కరివేపాకు పొడి, వాటితో పాటు ఊరగాయ, బొరుగులు. తడి తగలని చెంచా ఒక్కటి డబ్బాలోనే ఉంచితే, ఇవి యాత్ర పొడవునా నిలుస్తాయి.

అపోహ: ఉత్తరాది మసాలా పడక కడుపు చెడుతుంది.

చాలాసార్లు కారణం మసాలా కాదు. నీళ్ళు, కోసి ఉంచిన పండ్లు, చాట్ బండి మీది పచ్చి చట్నీ. పొయ్యి మీద నుంచి దిగిన రొట్టె, మరిగిన పప్పు తిన్నవారికి ఇబ్బంది తక్కువ. విరేచనాలు పట్టుకుంటే మొదట చేయవలసినది ఓఆర్ఎస్ ఇవ్వడం. పొట్లం దొరకకపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. రక్తం పడినా, ఒళ్ళు కాలినా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి.

అపోహ: ఉల్లి, వెల్లుల్లి వద్దంటే "జైన్" అని చెబితే సరి.

మా వైపు ఎర్రగడ్డ, తెల్లగడ్డ అని పిలిచే ఈ రెండూ మానేసినంత మాత్రాన అది జైన భోజనం కాదు. జైనులు ఉర్లగడ్డ, క్యారెట్ వంటి నేలలో పెరిగే దుంపలను కూడా తినరు. గుజరాత్‌లో ఒకసారి మా బృందం మొత్తానికి "జైన్" అని చెప్పి, ఆ పూట ఉర్లగడ్డ వేపుడు లేదని నేను అందరి చేతా మాటలు పడ్డాను. అక్కడ ఉల్లి, వెల్లుల్లి మాత్రమే వద్దనుకునేవారు "స్వామినారాయణ్" అని అడగాలి. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో ఉల్లి, వెల్లుల్లితో పాటు టమాటా, ఉర్లగడ్డ కూడా వాడరు. మట్టి కుండలలో కట్టెల పొయ్యి మీద వండిన ఆ అన్నం, పప్పు, కూరలు గుడి ప్రాంగణంలోని ఆనంద బజారులో దొరుకుతాయి. పూరీలో మేము పొయ్యి వెలిగించము, ఆ రోజు మా వంటవాళ్ళకు సెలవు. రిషీకేశ్‌లోనైతే గుడ్ల అమ్మకాన్ని సైతం పురపాలక సంఘం నిషేధించింది. ఆ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. గుడ్డు గురించి నేను ప్రశ్నలు అడగని ఊరు అదొక్కటే.

అపోహ: రైలులో చిన్న స్టవ్ పెట్టుకుంటే అన్ని బాధలూ తీరతాయి.

ఈ కోరిక కోరేవారు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు ఉంటారు. రైలులోకి గ్యాస్ సిలిండరు, కిరోసిన్ వంటివి తేవడం చట్టరీత్యా నేరం. 2023 ఆగస్టు 26న మదురై యార్డులో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, రహస్యంగా తెచ్చుకున్న సిలిండరు వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. వారు ఉత్తరప్రదేశ్ నుంచి మన దక్షిణాది క్షేత్రాలకు వచ్చిన యాత్రికులు. ఆ వార్త వచ్చిన నాటి నుంచి, రైలెక్కే ముందు మా వంట సామాను మూటలను నేనే స్వయంగా విప్పించి చూస్తున్నాను. రైలులో తినడానికి ఇంటి పులిహోర, పొడులు ఉన్నాయి. ఈ-కేటరింగ్ (ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చే రైల్వే భోజన ఏర్పాటు) ద్వారా రాబోయే స్టేషను నుంచి భోజనం సీటు దగ్గరకే తెప్పించుకోవచ్చు. జనరల్ బోగీల దగ్గర ప్లాట్‌ఫాం మీద 20 రూపాయలకు ఏడు పూరీలు, ఉర్లగడ్డ కూర అమ్మే ఏర్పాటు కూడా 2023లో మొదలైంది. మా పొయ్యి వెలిగేది సత్రం వంటగదిలోనే.

అపోహ: బదరీలో పప్పు ఉడకకపోవడానికి అక్కడి కందిపప్పు నాణ్యత లేకపోవడమే కారణం.

కావలి నుంచి తీసుకువెళ్ళిన మన కందిపప్పు కూడా అక్కడ ఉడకదు. బదరీనాథ్ సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. గుండిగలో నీళ్ళు తెర్లుతుంటే మనకు మంట సరిపోయిందనిపిస్తుంది గానీ, పప్పుకు అందే వేడి పది డిగ్రీలు తక్కువ. మంట పెంచితే నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయి తప్ప వేడి పెరగదు. అందుకని కొండ మీదికి మేము పెద్ద ప్రెషర్ కుక్కర్లు రెండు, విడి గాస్కెట్లు నాలుగు తీసుకువెళతాం. చలికి బిగుసుకుపోయిన గాస్కెట్టు చిట్లితే అక్కడ కొత్తది దొరకదు. కందిపప్పును ముందు రాత్రే గోరువెచ్చని నీటిలో నానబెడతాం. కుక్కరు మొరాయించిన రోజున పెసరపప్పు, పలచని చారు, కొండ ఎక్కే ముందే వేయించి ఉంచుకున్న అప్పడాలతో భోజనం ముగిస్తాం.