"మా కుక్కకి పొగరెక్కిందండీ": మీదపడే కుక్కల గురించి అపోహలు, వాస్తవాలు

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. "మాస్టారూ, మా కుక్కకి పొగరెక్కిందండీ. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం. గొలుసేసి కాలవగట్టు మీదికి తీసుకెళ్తే చాలు, ఎదురొచ్చిన ప్రతి కుక్క మీదికీ ఎగబడిపోతోందండీ."

అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇవ్వడం నా పని. ఇలాంటి వాటిని మేం రియాక్టివ్ కుక్కలంటాం. ఇంకో కుక్కో, సైకిలో, కొత్త మనిషో కంటపడగానే మొరగడం, గొలుసు తెంపుకునేలా లాగడం, వెనక కాళ్ల మీద లేవడం. చూసేవాళ్లకి అది పొగరే. దగ్గరగా చూస్తే చాలావాటిలో ఉన్నది భయం. "నా జోలికి రాకు" అని ముందే కేకలెయ్యడం. కొన్నిటిలో ఉక్రోషం. వెళ్లి వాసన చూడాలని ఉంటుంది, ఆడుకోవాలని ఉంటుంది, గొలుసు పోనివ్వదు. రెండిటికీ మొదటి మందు దూరమే.

మన డెల్టాలో దొరకనిదీ అదే. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేనో రొయ్యల చెరువో, మధ్యలో పది పన్నెండడుగుల గట్టు రోడ్డు. ఎదురుగా ఇంకో కుక్క వస్తే తప్పుకునే చోటేది? పారిపోయే దారి లేని కుక్క మీదపడుతుంది.

ఈ మాట చెబితే జనం నాకు సామెతలు అప్పజెబుతారు. వాటితోనే మొదలెడతాను.

"అరిచే కుక్క కరవదు"

ఈ ఒక్క సామెతని నమ్మి ఎన్ని పిక్కలు చిరిగాయో. అరిచే కుక్క కరుస్తుంది. అరుపు పనిచేయకపోతే దాని దగ్గర మిగిలేవి పళ్లే. అసలు అరుపుకన్నా ముందే అది చాలా చెబుతుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. తినకుండానే మూతి నాక్కుంటుంది. తల పక్కకి తిప్పి, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికీ మనకి అర్థం కాకపోతే గుర్రుమంటుంది.

రాజోలు దగ్గర ఒక ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఉండేది. గుర్రుమన్నప్పుడల్లా ఇంటాయన చెప్పుతో ఒకటి వేసేవారు. రెండు నెలలకి గుర్రు ఆగిపోయింది. దారికొచ్చిందని సంబరపడ్డారు. మూడో నెలలో పాలు పోసే కుర్రాడి మోచెయ్యి పట్టుకుంది, చిన్న చప్పుడు కూడా లేకుండా. భయం అలాగే ఉంది, హెచ్చరిక మాత్రం పోయింది. అందుకే గుర్రుమనే కుక్కని చూస్తే నాకు కొంచెం నిమ్మళం. నోరు మూసుకుని కన్నార్పకుండా చూసే కుక్క దగ్గరే నాకు చెమటలు పడతాయి.

తోక ఊపితే స్నేహమే అనుకోవడం కూడా ఇలాంటిదే. నిటారుగా ఎత్తి, బిగబట్టి, చిన్నగా ఆడించే తోక కనబడితే చెయ్యి చాపకండి. 2007లో ఇటలీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. యజమాని కనబడితే తోక కుడివైపుకి ఎక్కువ ఊగింది, తెలియని గట్టి కుక్క కనబడితే ఎడమవైపుకి. రోడ్డు మీద కుడిఎడమలు లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు గానీ, ఊపులన్నీ ఒకటి కావని గుర్తుంటే చాలు.

పన్ను దిగితే మాత్రం సామెతలు పక్కనపెట్టి, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. కారం, సున్నం, పసుపు ఏదీ అద్దొద్దు. కరిచింది మన పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు.

"దెబ్బకి దెయ్యమైనా దిగుతుంది"

ఇది నేనూ నమ్మాను. పని మొదలుపెట్టిన రోజుల్లో నా సంచీలో నాలుగు సైజుల చోక్ చైన్లు, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసులు, ఉండేవి. ఎదురుగా కుక్క కనబడగానే మెడ దగ్గర ఒక్క గుంజు. మొరుగుడు ఠక్కున ఆగేది, ఇంటివాళ్లు టీ ఇచ్చి పంపేవారు. నెల తిరక్కుండా అదే ఇంటి నుంచి ఫోను. "ఇదివరకు దగ్గరికొస్తే మొరిగేదండీ, ఇప్పుడు వీధి చివర కనబడితేనే మొదలెట్టేస్తోంది." నాకు తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. తప్పు చేశాను కాబట్టి మెడ గుంజారని కుక్క అనుకోదు. ఆ నల్ల కుక్క కనబడినప్పుడల్లా నా మెడ నొస్తోంది, కాబట్టి అది చెడ్డది అనుకుంటుంది. అంటే భయానికి కారణం నేనే కొనిచ్చి వచ్చాను, ఫీజు కూడా తీసుకుని.

ఈ దెబ్బల వెనకాల ఒక సిద్ధాంతం ఉంది. కుక్కకి మనమే నాయకుడని తెలియాలి, లేకపోతే నెత్తికెక్కుతుందని. దీని మూలం కుక్కల్లో లేదు, తోడేళ్లలో ఉంది. 1947లో షెంకెల్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ల కొట్లాటలు చూసి రాసిన మాట అది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించాక, 1999లో ఆయనే దాన్ని సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. గద్దె కోసం కొట్టుకునే ముఠా కాదు. ఆ పాత పుస్తకం ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తల్ని ఆయన బతిమాలుకున్నారు కూడా. ఆయన మానుకున్నా, మన వీడియోల్లో "ఆల్ఫా" పాఠాలు, అంటే గుంపు నాయకుడివి నువ్వే కావాలనే పాఠాలు, ఇంకా నడుస్తున్నాయి.

"నలుగురిలో తిప్పితే అదే అలవాటు పడుతుంది"

ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే వినడానికి న్యాయంగా ఉంటుంది. కుక్కలంటే భయపడే కుక్కని సంతకి తీసుకెళ్లడం, చప్పుడంటే వణికే కుక్కని తీర్థానికి తీసుకెళ్లడం. కాసేపటికి అది కిక్కురుమనకుండా నిలబడితే "చూశారా, అలవాటైపోయింది" అంటారు. అలవాటు కాలేదు, చేతులెత్తేసింది. ఈత రానివాణ్ని వరద గోదారిలోకి తోసినట్టు. చచ్చీచెడీ ఒడ్డుకొచ్చినా, మళ్లీ రేవు వైపు చూడడు.

పనిచేసే పద్ధతి ఎలా ఉంటుందో చిన్ని సంగతి చెబితే తేలిగ్గా తెలుస్తుంది. చిన్ని నాటుకుక్క, గోధుమ రంగు, రెండేళ్ల ఆడది. అంబాజీపేట వైపు ఒక మామ్మగారి కొబ్బరితోటలో ఉంటుంది. కొబ్బరి దింపు రోజు వచ్చిందంటే దానికి పూనకమే. భుజాన తాడుతో మనిషి గేటు దగ్గర కనబడగానే మొదలు. పైనుంచి కాయ దబ్బుమని పడినప్పుడల్లా గింగిరాలు తిరిగేది. ఒకసారి దింపు మనిషి పంచె చింపింది. ఆయన ఇక మీ తోటకి రానన్నాడు.

తోటలో ఒక సౌకర్యం ఉంది, దూరాన్ని చెట్లతో లెక్కపెట్టొచ్చు. చెట్టుకీ చెట్టుకీ ఎనిమిది మీటర్లు వేసుకోండి. చెట్లెక్కడం మానేసిన ఒక పెద్దాయన్ని పట్టుకుని, రోజూ పొద్దున్నే భుజాన తాడేసుకుని తోట చివర అటూ ఇటూ నడవమన్నాను, అంతే పని. "ఆయ్, ఎక్కక్కర్లేదాండీ?" అని రెండుసార్లు అడిగాడు.

మొదటిరోజు ఎనిమిది చెట్ల అవతల నిలబడ్డాం. చిన్ని చూసింది. చెవులు ముందుకొచ్చాయి, నోరు మూసుకుంది, కానీ మొరగలేదు. వెంటనే చికెన్ ముక్క. ఆయన చెట్టు చాటుకి వెళ్లగానే ముక్కలు బంద్. మళ్లీ కనబడ్డాడు, మళ్లీ ముక్క. వరస ముఖ్యం. ముందు మనిషి, తర్వాత ముక్క. చప్పుడు తర్వాత తిండి వస్తుందని నేర్చుకుని, చప్పుడుకే చొంగ కార్చిన పావ్లోవ్ కుక్కల కథ బడిలో చదివే ఉంటారు, ఇది అదే. చాలామంది ముందు చేతిలో ముక్క చూపించి కుక్కని ఏమారుస్తారు. అప్పుడు కుక్క నేర్చుకునేది తిరగబడుతుంది, చికెన్ కనబడితే ఏదో ఉపద్రవం రాబోతోందని.

నాలుగోరోజు తొందరపడి ఐదు చెట్ల దూరానికి తీసుకెళ్లాను. ముక్కతో పాటు నా వేలు కూడా కొరికింది. కోపంతో కాదు. ఒత్తిడి పెరిగితే కుక్క మూతి మొరటుగా పెడుతుంది, ఇంకా పెరిగితే ఎంత ఇష్టమైన ముక్కనైనా ముట్టదు. హద్దు ఎక్కడుందో చెప్పే కొలబద్ద అదే. వెనక్కి ఆరు చెట్ల దూరానికి వచ్చేశాం. వారం తర్వాత పెద్దాయన కనబడగానే చిన్ని మొరగకుండా తల తిప్పి నా మొహంలోకి చూసింది, "ఏదీ నా ముక్క?" అన్నట్టు. ఆ చూపు కోసమే ఈ పనంతా. కాయ పడే చప్పుడుకి వేరే పాఠం పెట్టాం. ఫోన్‌లో రికార్డు చేసి, వినీవినపడనంత చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లాం. రెండు చెట్ల దూరానికి రావడానికి ఏడు వారాలు పట్టింది. మూడు రోజుల్లో కుక్కని మార్చేస్తామనేవాళ్లని నమ్ముకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

తోట లేనివాళ్లకి నా సలహా, గట్టు రోడ్డు మానేయండి. దాళ్వా కోతలయ్యాక సార్వా నాట్లు పడేదాకా చేలు ఖాళీగా ఉంటాయి. అంత బారెడు దూరం మనకి ఏడాదిలో మళ్లీ దొరకదు. ఎండాకాలం కాబట్టి తెల్లవారుజామునే ముగించుకోవాలి, కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చే చల్లబడాలి. మిగతా రోజుల్లో చేలోకి దిగే పుంతలు ఎక్కడున్నాయో ముందే చూసిపెట్టుకోండి. గట్టు మీద తప్పనిసరైతే "పద పద" అనగానే సరదాగా వెనక్కి తిరిగే అలవాటు ఇంటి దగ్గరే నేర్పండి, ఎదురుగా ఏమీ లేనప్పుడు. ముక్కలు శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్. ఎండుచేపలంటే పడి చస్తాయి గానీ ఉప్పెక్కువ, వద్దు.

"భయపడ్డప్పుడు దగ్గరికి తీస్తే ఇంకా భయపడుతుంది"

కాదు. భయం అది చేసే పని కాదు, మనం బహుమతిచ్చి పెంచడానికి. దీపావళికో, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బాణసంచా పేలుతున్నప్పుడో కుక్క మీ కాళ్ల దగ్గరికి వస్తే ఉండనివ్వండి. కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ పెట్టండి. మరీ వణికిపోయే కుక్కకి మందులున్నాయి, పండక్కి ముందే పశువుల డాక్టర్ని అడగాలి.

"నాటుకుక్కకి ట్రైనింగ్ ఎక్కదు, తోక వంకర తోక వంకరే"

చిన్నిని చూశారుగా. పిల్లకి మూడు వారాల నుంచి సుమారు పద్నాలుగు వారాల లోపు ఎలాంటి మనుషులు, చప్పుళ్లు పరిచయమయ్యాయన్నది జాతికన్నా ఎక్కువ తేడా తెస్తుంది. ఆ వయసు దాటిన కుక్క కూడా నేర్చుకుంటుంది, నెమ్మదిగా.

"ఆపరేషన్ చేయిస్తే సర్దుకుంటుంది", "మూతికి బుట్ట పెడితే పరువు పోతుంది"

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మంచిదే, భయం మాత్రం దాంతో పోదు. నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి మీదపడుతుంటే ముందు నన్ను కాదు, డాక్టర్ని పిలవండి. మన తేమకి చెవిలో చీము, గోమార్లు మామూలే. నొప్పితో ఉన్న కుక్కకి పాఠాలేం ఎక్కుతాయి.

ఇక మూతి బుట్ట అంటే దూడకి వేసే చిక్కం లాంటిదే. దూడకి వేస్తే ఎవరూ నవ్వరు. నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం కొనండి, మూతిని కట్టేసే గుడ్డ రకం వద్దు. అందులో ముక్క వేసి మూతి అదే దూర్చేలా వారం పాటు అలవాటు చేయండి.

చిన్ని ఇప్పుడు దింపు రోజున వరండాలో పడుకుంటుంది. పంచె చిరిగినాయన మళ్లీ వస్తున్నాడు, అయినా గేటు దగ్గర ఆగి "మామ్మగారూ, చిన్ని ఎక్కడండీ?" అని అడిగాకే లోపలికి అడుగుపెడతాడు. గంగిరెద్దుని చూస్తే మాత్రం చిన్ని ఇంకా ఆగదు, ఆ సంగతి తేలలేదు. ఎద్దు, మెడలో గంటలు, మీద రంగురంగుల బట్టలు, పక్కన సన్నాయి, అన్నీ ఒకేసారి. ఎద్దుని కొన్నాళ్లు రోజూ తెచ్చి తోట చివర నిలబెట్టమని గంగిరెద్దులాయన్ని అడిగాను. సంక్రాంతి నెలలో కుదరదన్నాడు, మాఘం వస్తే చూద్దామన్నాడు.