మిరప గింజలోని గాదె గోడ

హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో ఉంటున్న పాఠకురాలు ఒకరు డిసెంబరులో ఒకే రోజున రెండు కుండీలలో ఒకే మట్టి నింపి, ఒకదానిలో టమాటా గింజలు, మరొకదానిలో వంటింటి డబ్బాలోని ఎండుమిరపకాయల గింజలు అర అంగుళం లోతున విత్తారు. టమాటా తొమ్మిదో రోజున మొలిచింది. పన్నెండో రోజు దాటినా మిరప జాడ లేకపోవడంతో ఆమె మట్టి తవ్వి చూశారు. గింజలు ఉబ్బి ఉన్నాయి గాని ఒక్కటీ పగలలేదు. ‘ఇవి చచ్చిన గింజలా, లేక నా చెయ్యే మంచిది కాదా?’ అని అడుగుతూ ఆమె ఉత్తరం రాశారు.

చెయ్యి సంగతి ముందుగా తేల్చివేస్తాను. హస్తవాసి మంచిది కాదన్న పేరుతో కొందరు ఆడవాళ్ళను విత్తనాల దగ్గరకు రానీయని ఇళ్ళను నేను చూశాను. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. మొలక రాకపోవడానికి కారణం గింజలోనో మట్టిలోనో ఉంటుంది, చల్లిన మనిషిలో ఉండదు. ఈమె విషయంలో ఆ కారణాన్ని లెక్క కట్టి చూపవచ్చు కూడా, ఎందుకంటే పక్క కుండీలోని టమాటా ఆమెకు తెలియకుండానే థర్మామీటరుగా పనిచేసింది.

బడిలో మొలకల పాఠానికి మనం చిక్కుడు గింజనో శనగ గింజనో తీసుకుంటాం. నీటిలో నానబెడితే అది రెండు బద్దలుగా విడిపోతుంది, మధ్యలో బుల్లి మొక్క కనబడుతుంది, పిల్లలు సంతోషిస్తారు. అయితే చిక్కుడులో పిండం, అంటే ఆ బుల్లి మొక్క, తన ఆహారాన్ని గింజ ముదిరేలోపే తిని బద్దలలో దాచుకుంటుంది గనుక, ఆ పాఠం చదివిన వారికి గింజ మొలవడమంటే నీరు తాగి ఉబ్బి పగలడమే అనిపిస్తుంది. మిరప గింజ కట్టడం వేరు. పలుచని పసుపు పెంకు లోపల పిండం సన్నని తీగలా చుట్టుకొని ఉంటుంది, దాని చుట్టూ అన్ని వైపులా అంకురచ్ఛదం అనే గట్టి ఆహారపు పొర ఉంటుంది. ప్రథమ మూలం, అంటే మొదటి వేరు, బయటకు రావలసిన చోట కూడా అదే పొర అడ్డంగా నిలబడి ఉంటుంది.

దీనిని పూర్వం మన ఇళ్ళలో ధాన్యం నిలవచేసిన గాదెతో పోల్చవచ్చు, కాని ఒక తేడాతో. మన గాదెకు గోడ తడికతోనూ మట్టితోనూ కట్టినది, ధాన్యం లోపలిది. మిరప గింజలోని గాదెకు గోడ కూడా ధాన్యంతో కట్టినదే. అంకురచ్ఛదపు కణాల గోడలు మానన్ అనే చక్కెర గొలుసులతో దళసరిగా ఉంటాయి. అవి గింజకు కాపలా, పిండానికి తిండి కూడా. అందువల్ల లోపలి పసి మొక్క బయటకు రావాలంటే గోడను బద్దలు కొట్టనక్కరలేదు, వేరు కొసకు ఎదురుగా ఉన్న మేర గోడ కరిగితే చాలు. ఆ పనికి పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను కబురుగా వెళ్తుంది. కబురు అందుకున్న అంకురచ్ఛదపు కణాలు ఎండో-బీటా-మాననేజ్ మొదలైన ఎంజైములను తయారుచేసి తమ గోడలను తామే ముక్కలు చేసుకుంటాయి. ఆబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోను ఈ పనిని వెనక్కు లాగుతుంది. ఒకవైపు వేరు కొస లోపలి నీటి ఒత్తిడితో నెడుతూ ఉంటుంది, మరొకవైపు గోడ బలహీనపడుతూ ఉంటుంది. నెట్టే బలం గోడ బలాన్ని మించిన క్షణాన తెల్లని కొస బయటపడుతుంది.

ఇది ఊహ కాదు. 1983లో వాట్కిన్స్, కాంట్లిఫ్ అనే శాస్త్రవేత్తలు మిరప గింజల కొసను గుచ్చడానికి ఎంత బలం కావాలో యంత్రంతో కొలిచారు. వేరు బయటపడటానికి ముందే ఆ బలం తగ్గిపోవడం వారు గమనించారు. ఆలస్యం పిండం బద్ధకం వల్ల వచ్చినది కాదు, గోడ కరగడానికి పట్టే కాలం వల్ల వచ్చినది.

నీరు తాగడం చచ్చిన గింజ కూడా చేస్తుంది, కాబట్టి ఉబ్బు ప్రాణానికి గుర్తు కాదు. నీరు ఒకటి రెండు రోజులలో నిండిపోయిన తరువాత పైకి ఏమీ కనబడని దశ ఒకటి ఉంటుంది. గోడ కరిగేది అప్పుడే, ఆ దశ ఎన్నాళ్ళో నిర్ణయించేది వెచ్చదనమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హారింగ్టన్ కూరగాయల గింజలను అర అంగుళం లోతున విత్తి మొలక పైకి రావడానికి పట్టే రోజులను లెక్కించారు. మిరపకు 15 డిగ్రీల సెల్సియస్ వద్ద 25 రోజులు, 20 వద్ద 13, 25 వద్ద 8 రోజులు పట్టింది. ఇప్పుడు ప్రతి ఉష్ణోగ్రత నుంచి 10 తీసివేసి, మిగిలినదానిని రోజులతో గుణించి చూడండి: 5 ఇంటూ 25 అంటే 125, 10 ఇంటూ 13 అంటే 130, 15 ఇంటూ 8 అంటే 120. దాదాపు ఒకే సంఖ్య! అంటే మిరప గింజ రోజుల లెక్కన మొలవదు, 10 డిగ్రీలకు పైన అందిన వెచ్చదనాన్ని రోజురోజుకూ కూడబెట్టుకొని, అది 125 దరిదాపులకు చేరినప్పుడు మొలుస్తుంది. టమాటాకు అదే పట్టికలో 15 వద్ద 14 రోజులు, 20 వద్ద 8, 25 వద్ద 6 ఉన్నాయి. 8 తీసివేసి గుణిస్తే 98, 96, 102 వస్తాయి. టమాటాకు కావలసినది సుమారు 100 మాత్రమే, పైగా అది ఇంకొంచెం చలిలోనే కూడబెట్టడం మొదలుపెడుతుంది.

ఇక పాఠకురాలి కుండీకి వద్దాం. టమాటా 9 రోజులలో మొలిచిందంటే రోజుకు 11 చొప్పున కూడింది. దానికి 8 కలిపితే ఆ మట్టి సగటు ఉష్ణోగ్రత 19 డిగ్రీలని తేలుతుంది. హైదరాబాదు డిసెంబరు రాత్రులకూ, తడి ఆరుతూ మరింత చల్లబడే కుండీ మట్టికీ అది సరిపోయే అంకె. ఆ 19లో మిరపకు రోజుకు దక్కేది 9 మాత్రమే, కనుక 125 చేరడానికి 14 రోజులు కావాలి. ఆమె పన్నెండు దాటగానే తవ్వారు.

ఈ లెక్క 25 డిగ్రీలు దాటాక అలాగే సాగదు. మిరపకు 30 డిగ్రీల వద్ద కూడా 8 రోజులే, 35 వద్ద 9. కాబట్టి ఎర్రటి ఎండలో పెట్టి తొందరపెట్టడం వల్ల లాభం లేదు. గుంటూరు, పల్నాడు రైతులు జూలై, ఆగస్టు నెలలలో నారుమడి పోస్తారు, అప్పుడు నేల తనంతట తానే వెచ్చగా ఉంటుంది. అమెరికాలోని మనవాళ్ళు ఫిబ్రవరి చలిలో ఇంట్లో నారు పోసేటప్పుడు కుండీల కింద వేడినిచ్చే పరుపు వేసేది ఆ వెచ్చదనం కోసమే.

వంటింటి ఎండుమిర్చి గింజలకు ప్రాణం ఉంటుందా? ఎండలో ఆరి, ఆ ఏటి పంటదై, ఎర్రగా ఉన్న కాయలోనివైతే చాలావరకు ఉంటుంది; వేయించినవి, ఏళ్ళ తరబడి నిలవ ఉన్నవి, తెల్లబడిన తాలు కాయలు పనికిరావు. పచ్చిమిర్చి గింజలు ముదరనివి. కాయ సంకర రకానిదైతే పిల్ల మొక్కలు తల్లిని పోలవు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా కాస్తుంది. అది తప్పు కాదు, ఇంటి పెరటికి అందమే.

ఆ మట్టిని పారబోయవద్దని ఆమెకు రాశాను. బయటపడిన గింజలలో మెత్తబడి నలిగిపోయేవాటిని తీసివేసి, గట్టిగా ఉన్నవాటిని తిరిగి కప్పి, కుండీపై గాజు పలకనో ప్లాస్టిక్ కాగితమో పరచి, రాత్రిపూట ఇంట్లోకి తెచ్చుకోమన్నాను. తడి చాలు, నీరు నిలవకూడదు. నిలిస్తే నారుకుళ్ళు తెగులు ఒక్క రాత్రిలో మొలకలను మొదలంటా పడగొడుతుంది. మొలక పైకి వచ్చాక ఒక్కోసారి బీజదళాల, అంటే మొదటి జత ఆకుల, కొసలు పెంకులో ఇరుక్కొని విచ్చుకోలేవు. పెంకుతోపాటు కరగకుండా మిగిలిన గాదె గోడ కూడా అక్కడ వాటిని పట్టుకొని ఉంటుంది. గోటితో లాగితే బీజదళాలు తెగుతాయి. ఆ పెంకుపై ఒక నీటిబొట్టు వేసి, సాయంత్రం దాకా తడి ఆరకుండా చూస్తే, మరునాటికి మొక్కే దానిని విడిపించుకుంటుంది.